నురగ రాని సీసా

జనవరి 6, సోమవారం

ఈ డైరీ ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చారు. అట్ట మీద మేం తయారుచేసే పింగాణీ ప్లేటు బొమ్మే. పదమూడేళ్ళుగా రోజంతా వాటి మొహమే చూస్తున్నాను, అది చాలదని ఇంటికి కూడా పంపించారు మహానుభావులు. పాత పేపర్లలో పడేద్దామనుకున్నాను గానీ ఇవాళ పనికొచ్చింది.

చిలకకు మొటిమలు మొదలయ్యాయి. నుదుటి మీద మూడు, గడ్డం మీద ఒకటి, ముక్కు పక్కన రాబోయేది ఒకటి. పొద్దున కిటికీ పక్కన కూర్చుని పాలు తాగుతుంటే వెలుతురు ఏటవాలుగా పడింది, అప్పుడు కనబడ్డాయి. ఎదురుగా చూస్తే ఏమీ తెలియదు. లోపమనేది ఏటవాలు వెలుగులోనే బయటపడుతుంది, ఈ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు.

గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను.

"అబ్బా, ఏంటమ్మా!"

"మొటిమలే."

"వస్తే వచ్చాయిలే. మా క్లాసులో అందరికీ ఉన్నాయి" అని మళ్ళీ వాళ్ళ లెక్కల టీచరు తుమ్ము ఎలా తుమ్ముతుందో చేసి చూపించడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ళు వచ్చాయి, వాగుడు మాత్రం తగ్గలేదు. చిలక అని మూడేళ్ళప్పుడు పెట్టిన పేరు అందుకే ఇంకా పోలేదు.

దానికి తెలియదు. నాకు తెలుసు. నా రెండు చెంపలూ గుంటలు గుంటలుగా ఉంటాయి. మా పెళ్ళి ఫోటోలన్నిట్లో ఫోటోగ్రాఫరు నన్ను నీడ వైపే తిప్పాడు. పాపం, మంచి మనసుతోనే తిప్పాడు.

ఒట్టేసి రాస్తున్నాను. నా కూతురి మొహాన్ని నా మొహంలా కానివ్వను.

జనవరి 8

పని అయ్యాక మందుల షాపుకు వెళ్ళాను. కౌంటరు దగ్గర కొత్తావిడ ఉంది. కళ్ళద్దాలు తల మీదికి తోసుకుని, వాటికోసమే సొరుగుల్లో వెతుక్కుంటోంది. అక్కడే అనుకోవాల్సింది.

"మా అమ్మాయికి మొహం కడుక్కోవడానికి ఏదైనా ఇవ్వండి. జిడ్డు చర్మం, మొటిమలొస్తున్నాయి" అన్నాను.

నీళ్ళలా ఉన్న ఒక సీసా తీసి ముందు పెట్టింది. "ఇది నురగ రాదు, వాసన ఉండదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వేళ్ళ కొసలతో మెల్లగా రాసి, మామూలు నీళ్ళతో కడిగి, తువ్వాలుతో అద్దుకోవడమే. రుద్దకూడదు. ఆరు వారాలు చూడండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి."

"నురగ రాకపోతే జిడ్డెలా పోతుందండీ?"

"మొత్తం పోకూడదండీ. మొత్తం తీసేస్తే చర్మం ఎండిపోయి మంటెక్కుతుంది, మొటిమలు ఇంకా రేగుతాయి."

"కడిగాక వేలితో రాస్తే కీచుమనాలి కదా మరి?"

ఆవిడ నవ్వింది. "కీచుమనడానికి అదేమన్నా పింగాణీయా?"

నాకు ఒళ్ళు మండింది. నా భుజానికి ఫ్యాక్టరీ పేరున్న సంచి వేలాడుతోంది, అది చూసే అందో, మామూలుగానే అందో ఆవిడకే తెలియాలి. సీసాను ఆవిడ వైపే నెట్టేసి, వెనక అలమరలో ఉన్నదాన్ని వేలుపెట్టి చూపించి కొనుక్కొచ్చాను. లోపల రవ్వలాంటి గరుకు ఉంటుంది, మురికిని కూకటివేళ్ళతో సహా లాగేస్తుందని డబ్బా మీదే రాసుంది. వాసన, నురగ, పని, ఏదీ లేని సరుకు అంటగట్టాలని చూసింది. నేనేమన్నా నిన్న పుట్టానా?

జనవరి 9

కీచుమంది. నేనే వేలితో రాసి చూశాను.

జనవరి 19

మొహం ఎర్రగా ఉంది. ఎర్రబడటం మంచిదే, లోపలున్నదంతా బయటికొస్తోందన్నమాట. గడ్డం మీద ఒకటి ఎండింది. కొత్తవి వచ్చాయి గానీ అవి ఎలాగూ వచ్చేవే.

మా ఆయన లిఫ్టులు బాగుచేసి వచ్చి, చేతులకు గ్రీజుతోనే సోఫాలో కూలబడి, "దాని మొహాన్ని దానికి వదిలెయ్యవే" అన్నారు. మగవాళ్ళకేం, చెప్తారు. ఆయన వీపు మీద ఎన్ని మచ్చలున్నా చొక్కా తొడుక్కుంటే సరి. ఆడపిల్ల మొహానికి చొక్కా ఎక్కడ తొడుగుతాం?

జనవరి 27

మా సెక్షన్లో ప్లేట్లు చూసే దీపాలు కొత్తవి వచ్చాయి. పాతదొకటి అడిగి తెచ్చుకున్నాను. మెడ వంచితే వంగుతుంది, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. బాత్రూములో అద్దం పక్కన ఆయనతోనే బిగింపించాను. గోడకు బెజ్జం పెడుతున్నంతసేపూ "ఇది ఇల్లా, ఆపరేషన్ థియేటరా" అని సణుగుతూనే ఉన్నారు. బిగించడం మాత్రం శుభ్రంగా బిగించారు.

ఇకనుంచి రోజుకు ఐదుసార్లు కడగాలి. లేవగానే, స్కూలుకు ముందు, వచ్చాక, ట్యూషనుకు ముందు, పడుకునే ముందు. కడిగిన ప్రతిసారీ దీపం కింద నాకు చూపించాలి. "ఐదుసార్లా!" అంది చిలక. కావాలంటే ఆరు చేస్తానన్నాను. నోరు మూసుకుంది.

ఫిబ్రవరి 2

కొత్తవి ఏడు.

ఫిబ్రవరి 5

రవ్వది మార్చాను. నీలం ట్యూబు, బోలెడంత నురగ, పుదీనా వాసన. చల్లగా మండుతోందమ్మా అంది. చల్లగా ఎలా మండుతుందే అంటే, నువ్వు రాసుకుని చూడు, తెలుస్తుందని విసురుగా అంది. పొగరు. రాసుకుని చూశాను. నిజమే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పనిచేసేది ఏదైనా కాస్త బాధపెడుతుంది మరి.

ఫిబ్రవరి 11

చిలక బల్ల దగ్గర చోటు మార్చింది. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటోంది. ఎండ కళ్ళలో పడుతోందట.

ఫిబ్రవరి 16

అక్క వచ్చింది. రెండు స్టాపుల దూరంలోనే ఉన్నా ఎవరో ఒకరి కర్టెన్లు కుడుతూ మిషను మీద నుంచి లేవదు. ఇవాళ తీరింది. వచ్చి గంటసేపు కూర్చున్నా చిలక గదిలోంచి రాలేదు. పిలిస్తే వచ్చి, ఊఁ, ఆఁ అని వెళ్ళిపోయింది.

"అదేంటే, నోట్లో నాలుక లేని పిల్లలా తయారైంది?" అంది అక్క.

"పరీక్షలు."

"పరీక్షలు దానికా, నీకా? దాన్ని చూసినప్పుడల్లా నీ కళ్ళు నుదుటి మీదే ఆగిపోతున్నాయి. దాని కళ్ళ దాకా రావడమే లేదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. అక్క మొహం చిన్నప్పటినుంచీ అద్దమే, దానికేం తెలుసు? ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టాం. అమ్మ నా మీద పడ్డ కష్టంలో సగం కూడా దాని మీద పడలేదు. నన్ను ప్రతి ఆదివారం స్నానం చేయించి, గడప మీద కూర్చోబెట్టి, తలను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక్కొక్కదాన్నీ గోళ్ళతో తీసేది. ఏడిస్తే "ఇప్పుడేడిస్తే తర్వాత ఏడవక్కర్లేదు" అనేది. నా మంచికే చేసింది. అమ్మ అంత చేస్తేనే నా మొహం ఇలా ఉంది. చెయ్యకుండా వదిలేసుంటే ఇంకెలా ఉండేదో!

నేను చిలక మీద గోరు పెట్టలేదు. ఒక్కసారి కూడా పెట్టలేదు. ఇది అక్కకు చెప్పాల్సింది.

ఫిబ్రవరి 20

బొగ్గుతో చేసిన నల్ల సబ్బు. ముక్కు పక్కన తోలు ఊడుతోంది. ఆయన అన్నానికి కూర్చుని, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అన్నారు. కంచం ఆయన ముందు గట్టిగా పెట్టాను.

ఫిబ్రవరి 23, ఆదివారం, మధ్యాహ్నం

అసలు చిక్కంతా ఇదీ. నిన్నటిదేదో, ఇవాళ్టిదేదో తేలడం లేదు. తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా అంటే దీపం కింద ఎంతసేపు చూసినా చెప్పలేకపోతున్నాను. పని దగ్గర నాకీ బాధ లేదు. ప్లేటును ఏటవాలుగా పట్టుకుంటాం, పైపూతలో సూదిబెజ్జమో పొక్కో కనబడితే ఎర్ర మైనపు పెన్సిలుతో సున్న చుడతాం. దిద్దేవాళ్ళు దిద్దుతారు, తర్వాత పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చెయ్యి దానంతటదే తిరుగుతుంది. సున్న చుట్టకపోతే ఎవరికేం తెలుస్తుంది?

భోంచేసి చిలక నిద్రపోతోంది. గోడవైపు తిరిగింది, జుట్టు పైకి ముడేసుకుంది. దవడ కింద, చెవి వెనక నాలుగున్నాయి. పెన్సిలు సంచిలోనే ఉంది. మెల్లగా చుట్టాను. కదలనైనా కదల్లేదు.

నాలుగు. రేపటికి ఈ నాలుగే ఉండాలి. గుర్తు పెట్టుకోవడానికి బొమ్మ గీసుకున్నాను, వెనక పేజీలో ఉంది. లేచాక దూదితో తుడిచేస్తాను.

అదే రోజు, ఆరు గంటలకు

నాకు నిద్రపట్టేసింది. లేచేసరికి ట్యూషనుకు వెళ్ళిపోయింది.

జుట్టు విప్పుకుని వెళ్ళిందో, ముడితోనే వెళ్ళిందో. ఆయన్ని అడిగితే నేను చూళ్ళేదన్నారు. ఇంట్లో ఉండీ చూడకపోతే ఎలా? కన్నకూతురు గడప దాటుతుంటే జుట్టెలా ఉందో చూడరా?

విప్పుకునే వెళ్ళుంటుంది.

ఏడున్నర

వచ్చింది. బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుంది. నీళ్ళ చప్పుడు లేదు. దీపం స్విచ్చి చప్పుడు మాత్రం వినబడింది.

ఫిబ్రవరి 24

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ట్యూషన్లో వెనక కూర్చున్న పిల్ల మొదట చూసిందట. "నీ మొహానికి మార్కులెవరేశారే?" అందట. అందరూ లేచి వచ్చారట. తప్పులు దిద్దిన పరీక్ష పేపరులా ఉందని ఒకడు, ఫెయిలా పాసా అని ఇంకొకడు. ఎవడో ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెట్టాడట. ఇదంతా వాళ్ళ నాన్నకు చెప్పింది, నాకు చెప్పలేదు.

అది అక్కడితో ఆగినా బాగుండేది. పక్కన కూర్చునే పిల్లే తనకు తెలియకుండా గీసిందనుకుని చిలక, "నీతోనే ఉంటున్నా కదే, నువ్వే కదూ" అని దాన్ని చెంప మీద కొట్టిందట. ఆ పిల్లా ఇదీ ఒకటో క్లాసునుంచి ఒకే బెంచీ. కావడిలో రెండు కుండల్లా తిరిగేవాళ్ళు.

ఇంటికొచ్చి నేను పెట్టించిన దీపం కిందే చూసుకుంది. బయటికొచ్చి నన్ను ఒకటే అడిగింది.

"నువ్వేనా?"

"నేనెందుకు గీస్తానే?" అన్నాను.

అబద్ధం. ఇక్కడ కూడా రాయకూడదనుకున్నాను. నోట్లోంచి ముందు అదే వచ్చింది, నేనేం చెయ్యను? అది కుర్చీకి తగిలించిన నా సంచిలో చెయ్యిపెట్టి, పెన్సిలు తీసి, తన అరచేతి మీద ఒక సున్న చుట్టింది. ఆ చెయ్యి తెచ్చి చెవి దగ్గర పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది. రెండూ ఒకటే ఎరుపు.

"మంచికే గీశానమ్మా. తగ్గుతున్నాయో లేదో తెలియాలి కదా" అన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసమన్నట్టు.

"నేను దాన్ని కొట్టానమ్మా" అంది. అంతే అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఫిబ్రవరి 25

మాట్లాడ్డంలేదు. కన్నతల్లి కూతుర్ని క్షమాపణ అడగడమేంటి? లోకంలో ఎక్కడైనా ఉందా?

ఫిబ్రవరి 26

అడుగుదామని తలుపు దాకా వెళ్ళాను. మొహం కడిగావా అని అడిగి వచ్చేశాను. నా నోటికి తెగులు.

ఫిబ్రవరి 28

చిలక అక్కావాళ్ళింటికి వెళ్ళింది. నాలుగు రోజులుండి వస్తుందట. నాలుగు రోజులకు స్కూలు పుస్తకాలన్నీ ఎందుకో.

మార్చి 9, ఆదివారం

అక్కావాళ్ళింటికి వెళ్ళాను. చిలక లోపలి గదిలోనే ఉండిపోయింది. తలుపు కింద దాని కాళ్ళ నీడ కనబడుతూనే ఉంది, అక్కడే నిలబడి వింటోంది.

అక్క మిషను ఆపలేదు. ఏదో పొడుగాటి తెర అంచు కుడుతూనే, "రానంటోందే, నేనేం చెయ్యను? ఇక్కడ బాగానే తింటోంది. నిన్న నాకు టీచరు తుమ్ము చేసి చూపించింది" అంది.

"మొహం ఎలా ఉంది?" అన్నాను.

అప్పుడు మిషను ఆపింది. నా వైపు తిరిగింది.

"నీకొక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. నాకూ వచ్చాయే మొటిమలు. నీకంటే ఎక్కువే వచ్చాయి. నీకు గుర్తులేదు, నువ్వు చిన్నదానివి. ఆదివారం అమ్మ గడప మీద కూర్చోగానే నేను గోడ దూకి పారిపోయేదాన్ని. రెండు దెబ్బలు తిన్నా సరే, దొరికేదాన్ని కాదు. నువ్వు మంచిదానివి, పిలవగానే వచ్చి కూర్చునేదానివి. నీ మొహాన్ని మొటిమలు పాడుచెయ్యలేదే. అమ్మ గోళ్ళు పాడుచేశాయి."

"పోయిన అమ్మనెందుకంటావ్?" అని లేచి వచ్చేశాను. బస్సులో నిలబడే వచ్చాను, ఖాళీ సీట్లున్నా.

మార్చి 10

అక్క అబద్ధం చెబుతోంది.

మార్చి 14

పాత ఫోటోల డబ్బా దించాను. అక్క పదో క్లాసు ఫోటో ఉంది. పని దగ్గర వాడే భూతద్దంతో చూశాను. నుదుటి మీద, గడ్డం మీద, రెండు చెంపల మీదా ఉన్నాయి. తర్వాత ఫోటోలో సగమే ఉన్నాయి. పెళ్ళి ఫోటోలో ఒక్కటి లేదు. ఎవరూ ఏమీ చెయ్యలేదు, అవే పోయాయి.

అన్నం సహించలేదు. ఆయన ఏమైందని అడిగారు. ఏమీ కాలేదన్నాను.

మార్చి 16, ఆదివారం

మందుల షాపుకు వెళ్ళాను. ఆవిడే ఉంది. కళ్ళద్దాలు ఈసారి ముక్కు మీదే ఉన్నాయి. "నురగ రానిది" అన్నాను. సీసా తీసి సంచిలో పెడుతూ, "మధ్యలో మార్చకండి, ఆరు వారాలు ఓపికపట్టండి. రెండుసార్లే, మర్చిపోకండి" అంది. నన్ను గుర్తుపట్టిందో లేదో. ఏదైనా అంటుందేమోనని చూశాను. దెప్పినా పడుండేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళని చూసి చూసి అలవాటైపోయి ఉంటుంది.

ఆయన చేతికిచ్చి పంపించాను. "నేను కొన్నానని చెప్పకండి. అక్క తెచ్చిందని చెప్పండి" అన్నాను. అక్కకు ఫోను చేసి అలాగే చెప్పమన్నాను. "సరేలే" అంది అక్క. అక్క అన్నది నిలబెట్టుకుంటుంది.

ఆయన తిరిగొచ్చాక "వాడుతానందా?" అని అడిగాను. మూత తీసి వాసన చూసిందట. వాసన లేదని సంతోషించిందట.

మార్చి 31

పని దగ్గర మాటపడ్డాను. నేను చూసి పంపిన పెట్టెలో పొక్కులున్న ప్లేట్లు వెళ్ళిపోయాయట. సూపర్‌వైజరు మంచివాడే, "కళ్ళు చూపించుకోమ్మా" అన్నాడు. కళ్ళకేం కాలేదు. పొక్కు కనబడుతూనే ఉంది. పెన్సిలు పట్టుకుంటే చెయ్యి తిరగడం లేదు. ఈ మాట ఎవరికి చెప్పుకోను?

ఏప్రిల్ 3

ప్యాకింగుకు మార్చమని నేనే అడిగాను. అక్కడ కాగితం చుట్టి పెట్టెలో పెట్టడమే. మొహం చూడక్కర్లేదు. కూడా పనిచేసేవాళ్ళు "పదమూడేళ్ళ అనుభవం పెట్టుకుని కాగితాలు చుట్టే పనేంటి?" అన్నారు. నడుం నొప్పి, నిలబడలేకపోతున్నానని చెప్పాను. ప్యాకింగులోనూ నిలబడే ఉండాలి. ఎవరూ ఆలోచించలేదు.

ఏప్రిల్ 12

దీపం తీయించేశాను. గోడకు బెజ్జాలు రెండు మిగిలాయి. ఆయన సిమెంటు పూశారు.

ఏప్రిల్ 20

చిలక తను కొట్టిన ఆ పిల్లను క్షమించమని అడిగిందట. మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళిందట. రెండుసార్లు వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబెట్టి పంపించేసింది, మూడోసారి ఆ పిల్లే బయటికొచ్చింది. "నేను గీయలేదని నీకెలా తెలిసింది?" అని అడిగిందట. "మా అమ్మ" అందట ఇది. ఇంకేం చెప్పకుండానే ఆ పిల్లకు అర్థమైందట.

పద్నాలుగేళ్ళది, మూడుసార్లు వెళ్ళింది. నేను తలుపు దాకా ఒక్కసారి వెళ్ళాను.

ఏప్రిల్ 21

ఫోను చేశాను. "తప్పు చేశానమ్మా. గీసినందుకూ, గీయలేదన్నందుకూ" అన్నాను. ముందుగా అనుకుని ఉంచుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. అటునుంచి చాలాసేపు ఫ్యాను చప్పుడే వినబడింది.

"ఊఁ" అంది.

పెట్టేసింది. అయినా ఊఁ అంది.

ఏప్రిల్ 27, ఆదివారం

చిలకే ఫోను చేసింది. వచ్చే ఆదివారం వస్తుందట. పలచటి బట్టలు కావాలట, మధ్యాహ్నం భోజనం చేసి వెళ్తుందట. నేను సంతోషం పట్టలేక ఏం వండాలో అడుగుతుంటే మధ్యలో ఆపింది.

"ఒక షరతు."

"ఏంటో చెప్పు."

"నువ్వు నా మొహం చూడకూడదు."

"ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుంటే చూడకుండా ఎలా ఉంటానే?"

"అయితే రాను."

"అది కాదమ్మా..."

"ఒట్టెయ్యి."

వేశాను.

మే 4, ఆదివారం

పదకొండింటికి వచ్చారు, ఆయన వెళ్ళి తీసుకొచ్చారు. నేను వంటింట్లో గట్టువైపు తిరిగి నిలబడ్డాను. చెప్పులు విడిచిన చప్పుడు, సంచి కుర్చీ మీద పెట్టిన చప్పుడు. "అమ్మా, వచ్చా" అంది. గొంతు పాత గొంతే.

భోజనాల దగ్గర కిటికీ వైపు కూర్చుంది. ఎండ కళ్ళలో పడ్డంలేదేమో. నేను ఎదురుగా కూర్చుని దాని కంచంలోకి చూశాను. చేతులు చూశాను. గోళ్ళు దగ్గరగా కత్తిరించుకుంది, చూపుడువేలికి సూది గుచ్చుకున్న గుర్తుంది. అక్క దానికి కుట్టు నేర్పుతున్నట్టుంది. వాళ్ళ నాన్నతో ఒకటే కబుర్లు. లిఫ్టులో ఇరుక్కుపోయిన ఎవరో ఒకతని కథ ఆయన చెప్తే, టీచరు తుమ్ముకు బోర్డు మీది డస్టరు కింద పడిన కథ ఇది చెప్పింది. చేసి కూడా చూపించినట్టుంది, ఆయన పొలమారేలా నవ్వారు. నేనూ నవ్వాను, అన్నం మెతుకుల వైపు చూస్తూ.

తిన్నాక చేతులు, మొహం కడుక్కోవడానికి బాత్రూముకు వెళ్ళింది. నేను తువ్వాలు పట్టుకుని తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాను.

"దీపమేదీ?" అంది లోపలినుంచి.

"తీసేశాం."

కాసేపు నీళ్ళు పోసుకున్న చప్పుడు. వెనకనుంచి తడిచెయ్యి వచ్చి తువ్వాలు తీసుకుంది. రుద్దుకోలేదు, అద్దుకుంది. ఆ తేడా వీపుకు కూడా వినబడుతుంది.

"ఆ సీసా కొన్నది నువ్వేనని నాకు తెలుసు. పెద్దమ్మకు అబద్ధం చెప్పడం రాదు" అంది.

"అయిపోతే చెప్పు" అన్నాను.

వెళ్ళేముందు నా ఎదురుగా వచ్చి నిలబడింది. దాని పాదాలు నా పాదాలకు జానెడు దూరంలో ఉన్నాయి. "వెళ్ళొస్తానమ్మా" అంది. అని వెళ్ళలేదు. అలాగే నిలబడింది. కాలి బొటనవేలు నేలకు రాస్తూ చాలాసేపు నిలబడింది. ఒట్టు నిలబెట్టుకుంటానో లేదోనని చూసిందో, ఇప్పుడు తలెత్తమని చూసిందో, నాకు తెలియలేదు. మెడ నరాలు లాగేస్తున్నాయి. తప్పుగా అనుకుని తలెత్తితే మళ్ళీ రాదేమోనని భయమేసింది. ఎత్తలేదు.

పాదాలు వెనక్కి తిరిగాయి.

ఆయన దింపేసి వచ్చేసరికి నాలుగైంది. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు చేత్తో పట్టుకుని, ఎప్పుడూ లేనిది, మెత్తగా మాట్లాడారు.

"ఒక్కటి కూడా లేదే. నున్నగా ఉంది. నువ్వు తలెత్తాల్సింది, అది నీకోసమే నిలబడింది."

"గడ్డం మీద?"

"లేదు."

"ముక్కు పక్కన తోలు ఊడింది కదా, అక్కడ?"

"లేదంటున్నానుగా."

"దవడ కింద? చెవి వెనక?"

"లేదు."

"కిటికీ వైపు తిప్పి చూశారా?" అన్నాను.

ఆయన నీళ్ళు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.